టమ్మీ టక్ తర్వాత మిగిలే చిన్న ఎత్తుపల్లాలు: ఏవి వాటంతట అవే సర్దుకుంటాయి, వేటిని సరిచేయించుకోవాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీకు టమ్మీ టక్, అంటే మిగులు చర్మం తీసి పొట్ట గోడను బిగించే ఆపరేషన్, జరిగి నాలుగు నెలలు దాటింది. కుట్టు గీత రెండు చివర్లా, తుంటి దగ్గర, చర్మం చిన్న ముడతలా పైకి లేచి ఉంది; కుడివైపు కాస్త ఎక్కువ. మచ్చ దగ్గర లోపలికి నొక్కుకుపోయినట్టూ, దానికి పైన ఉబ్బుగానూ ఉంది. సాయంత్రానికి పై పొట్ట ఉబ్బుతోంది. బొడ్డుకు ఎడమ పక్కన గట్టిగా ఒక గడ్డ చేతికి తగులుతోంది. మీ సర్జన్ ఇంకా ఆగమంటున్నారు. ఇవి వాటంతట అవే తగ్గుతాయా, మళ్లీ ఆపరేషన్ కావాలా, కావాలంటే ఎప్పుడు అన్నది మీ ప్రశ్న. మరో సర్జన్‌ను అడిగితే వారు నొచ్చుకుంటారేమో అన్న సందేహమూ మీకుంది.

సూటిగా చెప్పాలంటే: నాలుగు నెలల దగ్గర ఆగమనడం సరైన సలహాయే. మీరు చెప్పినవాటిలో సాయంత్రపు ఉబ్బు చాలావరకు తగ్గిపోవచ్చు. మచ్చ దగ్గరి పల్లం కొంత తగ్గవచ్చు. చివర్లలోని ముడతలు చిన్నవైతే సర్దుకుంటాయి, పెద్దవైతే సర్దుకోవు. మిగిలిపోయినవాటిని ఆరు నెలల తర్వాత, కొన్నింటిని ఏడాది దాటాక, చాలా సందర్భాల్లో ఆ భాగం వరకే మత్తు ఇచ్చి, చిన్న ప్రక్రియతో సరిచేయవచ్చు. అయితే ఆ గడ్డ విషయంలో మాత్రం ఆగవద్దు. అది ప్రమాదకరమని నేను అనడం లేదు. చాలా సందర్భాల్లో అది మామూలు గడ్డే అయి ఉంటుంది. కానీ అది ఏమిటో చేత్తో తడిమి ఊహించే బదులు ఈ వారంలోనే ఒక అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకుంటే స్పష్టమవుతుంది.

ఇప్పుడు కారణాలు. ఈ ఆపరేషన్‌లో పొత్తికడుపు కింది భాగంలో తుంటి నుంచి తుంటి దాకా అడ్డంగా కోత పెట్టి, చర్మాన్నీ కొవ్వునూ కండరాల మీద నుంచి పక్కటెముకల దాకా విడదీసి, ఒకదానికొకటి దూరంగా జరిగిన కండరాలను మధ్యలోకి లాగి కుట్టి, మిగులు చర్మాన్ని కత్తిరించి, బొడ్డుకు కొత్త చోట ద్వారం చేసి మూసేస్తాం. బొడ్డు కింది భాగంలోని లింఫ్, అంటే కణజాలాల నుంచి సన్నని నాళాల్లో చేరే పలచని ద్రవం, సహజంగా గజ్జల వైపు పారుతుంది. అడ్డంగా పెట్టిన కోత ఆ దారుల్లో చాలావాటిని తెంచేస్తుంది. అవి మళ్లీ ఏర్పడే వరకు ద్రవం మచ్చకు సరిగ్గా పైభాగంలో నిలుస్తుంది. రోజంతా నిలబడి తిరిగాక సాయంత్రానికి ఎక్కువవుతుంది, రాత్రి పడుకుని లేస్తే తగ్గుతుంది. వాపులో అధిక భాగం మొదటి ఆరు నుంచి పన్నెండు వారాల్లో పోతుంది, కానీ మిగిలిన కాస్త వాపు పూర్తిగా పోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టడం సర్వసాధారణం. మచ్చది మరో లెక్క. మొదటి కొన్ని నెలలు అది ఎర్రబడి, గట్టిపడి, చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాతే మెత్తబడడం మొదలవుతుంది, పూర్తిగా పరిపక్వం కావడానికి పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు పడుతుంది. పైన వాపు, కింద బిగుసుకున్న మచ్చ, రెండూ ఏకకాలంలో ఉండేది సరిగ్గా మీరున్న ఈ దశలోనే. అందుకే పల్లం ఉన్నదానికంటే లోతుగానూ, ఉబ్బు ఉన్నదానికంటే ఎత్తుగానూ కనిపిస్తాయి.

ఆగమనడానికి ఇంకో గట్టి కారణం ఉంది, దాన్ని రోగులకు వివరించేవాళ్లు తక్కువ. చర్మాన్ని పైకి లేపినప్పుడు కింది కండరాల నుంచి దానికి వచ్చే రక్తనాళాలు చాలావరకు తెగిపోతాయి. ఆ తర్వాత ఆ చర్మం ప్రధానంగా పక్కల నుంచి, పక్కటెముకల వైపు నుంచి వచ్చే రక్తంతో బతుకుతుంది. ఆ స్థితిలో తొందరపడి మధ్యభాగంలో మళ్లీ లైపోసక్షన్ చేస్తే, అంటే సన్నని గొట్టంతో కొవ్వును లాగేస్తే, చర్మానికి రక్తం తగ్గి నల్లబడే ప్రమాదం ఉంటుంది. కొన్ని నెలలు గడిస్తే మచ్చ మీదుగా, అడుగు నుంచి కొత్త రక్తనాళాలు పెరుగుతాయి, పని భద్రంగా జరుగుతుంది.

నా దగ్గరికి ఇలాంటి ఫిర్యాదుతో వచ్చేవారిని నేను మొదట నిలబెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తాను. తర్వాత కూర్చోబెట్టి, ముందుకు వంచి, చివరగా పడుకోబెట్టి తల, భుజాలు మాత్రం పైకి లేపమంటాను. ఎత్తుపల్లం ఏ పొరలోంచి వస్తోందో తేలకుండా దానికి చికిత్స లేదు. అది చర్మం మిగులు కావచ్చు, కొవ్వు కావచ్చు, ద్రవం కావచ్చు, మచ్చ అతుకు కావచ్చు, కండరాల కుట్టు సడలడం కావచ్చు, పొట్ట లోపలి కొవ్వు కావచ్చు. బయటికి అన్నీ ‘ఉబ్బు’గానే కనిపిస్తాయి. పడుకుంటే మాయమై నిలబడితే కనిపించేది సాధారణంగా వదులు చర్మం. రెండు వేళ్ల మధ్య పట్టుకోగలిగితే అది చర్మం కింది కొవ్వు. తల ఎత్తినప్పుడు నడిమధ్య గట్టులా లేస్తే కండరాలు ఒకదానికొకటి దూరమయ్యాయని అనుమానించాలి. వేళ్లతో ఒకపక్క తడితే రెండోపక్కకు కదలిక తెలిస్తే ద్రవం ఉన్నట్టు. వీటిలో కొన్నింటిని మీరు అద్దం ముందే గమనించుకోవచ్చు. కానీ ఆ గడ్డను మాత్రం పదేపదే నొక్కి చూసుకోవద్దు.

చివర్లలో లేచిన ముడతలు. వీటిని మేము డాగ్ ఇయర్ అంటాం. కోతకు పై అంచు పొడవు, కింది అంచు పొడవు సమానంగా ఉండవు. పొడుగు అంచును పొట్టి అంచుతో కలిపి కుట్టిన జాకెట్టులో మిగులు గుడ్డంతా చివర్లో కుచ్చుగా పోగైనట్టే, ఇక్కడా మిగులు చర్మం, దాని కింది కొవ్వు తుంటి దగ్గరకు చేరతాయి. ఆపరేషన్‌లో ఆ మిగులును గీత పొడవునా పంచుకుంటూ మధ్యకు తెచ్చి కుట్టడం ఒక మార్గం. గీతను ఇంకా పక్కకు పొడిగించడం రెండో మార్గం. నడుము పక్కల బరువుగా ఉన్నవారిలో మచ్చను లోదుస్తుల అంచు దాటనివ్వకూడదని సర్జన్, రోగి ఇద్దరూ పట్టుబడితే కొద్దిపాటి ముడత మిగలడం దాదాపు తప్పదు. ఇది నిర్లక్ష్యమని వెంటనే అనుకోనక్కరలేదు. చాలాసార్లు పొట్టి మచ్చ కోసం చేసుకున్న రాజీ అది.

ఇందులో వాపు వల్ల లేచినవి, సెంటీమీటరు లోపు ఉన్నవి ఆరు నెలలకల్లా చాలావరకు అణిగిపోవడం నేను తరచుగా చూస్తాను. మీరు కుడివైపు ఎక్కువ అన్నారు. నాకు బాగా గుర్తున్న ఒకావిడకు కూడా సరిగ్గా అలాగే ఉండేది. రెండువైపులా వెంటనే కోసేయమని మొదట పట్టుబట్టారు. ఆగిన తర్వాత ఎడమవైపుది పూర్తిగా సర్దుకుంది, కుడివైపుది మిగిలింది. తొందరపడి ఉంటే ఎడమవైపు అనవసరంగా మచ్చ పొడుగయ్యేది.

మిగిలిన ముడతను సరిచేసే పద్ధతి ఇది. పడుకుంటే ముడత మాయమవుతుంది కాబట్టి గుర్తులు ఎప్పుడూ నిలబెట్టే పెట్టాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫలితమంతా దాని మీదే ఉంటుంది. లోదుస్తుల అంచును కూడా చర్మం మీద గీసుకుంటాం, కొత్త మచ్చ దాని లోపల ఉండేలా. తర్వాత లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని ఎక్కిస్తే ఆ భాగం మొద్దుబారుతుంది, రక్తస్రావం తగ్గుతుంది. ముడతలో ఎక్కువ భాగం కొవ్వే అయితే సన్నని గొట్టంతో దాన్ని మాత్రం తీసి, చర్మం తనంతట తాను ముడుచుకుంటుందేమో చూస్తాం. చర్మమే మిగులైతే గుండ్రంగా కాకుండా సన్నని ఆకు ఆకారంలో కత్తిరించి, కింది కొవ్వును పలచన చేసి, పొరలు పొరలుగా కుడతాం. మచ్చ కొంచెం పొడుగవుతుంది. ఆ పొడుగు ఎంతో ముందే మీ చర్మం మీద గీసి చూపించమని అడగండి; అది మీకు సమ్మతమైతేనే ముందుకు వెళ్లండి. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.

మచ్చ దగ్గరి పల్లం, దాని పైన మెట్టు. దీనికి సాధారణంగా రెండు కారణాలు. ఒకటి, పై నుంచి కిందికి లాగిన పొర మందంగా, కింద ఉన్న భాగం పలచగా ఉండి రెండూ కలిసిన చోట మెట్టు ఏర్పడడం. రెండోది, కొవ్వు మధ్యలో ఉండే గట్టి పొరను, దాన్ని స్కార్పా పొర అంటారు, విడిగా కలిపి కుట్టకపోవడమో, ఆ కుట్టు విడిపోవడమో, లేదా ఆ చోట గాయం ఆలస్యంగా మాని చర్మం నేరుగా అడుగు పొరకు అతుక్కుపోవడమో. తేడా తెలుసుకోవడం తేలిక: మచ్చను రెండు వేళ్లతో పట్టి పక్కలకు కదపండి. అది కదులుతూ ఉంటే మందంలో తేడా, కదలకుండా లోపలికి గుంట పడితే అతుకు.

గాయం పూర్తిగా మాని, మీ సర్జన్ అనుమతించాక మచ్చ మీద రోజూ మెత్తగా చేసే మసాజ్ అతుకును కొంతవరకు వదులు చేస్తుంది. సిలికాన్ షీటు లేదా జెల్‌ను కనీసం రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా వాడితే మచ్చ చదునుగా మెత్తబడడానికి తోడ్పడుతుంది, కానీ అది గుంటను పూడ్చదు. ఏడాదికీ గుంట మిగిలితే పాత మచ్చను తీసేసి, అడుగు అతుకులు విడదీసి, లోతు పొరను విడిగా కుట్టడం మంచి మార్గం. గుంట కొద్దిచోటే ఉంటే సూదితో అతుకు విడదీసి, మీ శరీరం నుంచే తీసిన కొవ్వును సన్నని పోగులుగా నింపవచ్చు. ఇక్కడ ఒక నిజం ముందే తెలిసి ఉండాలి: నింపిన కొవ్వంతా నిలవదు. అందులో గణనీయమైన భాగాన్ని శరీరం మొదటి కొన్ని నెలల్లో పీల్చేసుకుంటుంది. ఎంత నిలుస్తుందో మనిషికీ మనిషికీ మారుతుంది, మచ్చ ఉన్న చోట ఇంకా తక్కువ. రెండోసారి అవసరం పడవచ్చని చెప్పకుండా ఒక్కసారితో చదునవుతుందని మాట ఇచ్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

పై పొట్ట ఉబ్బు గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు చికిత్సలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. సాయంత్రం ఎక్కువై ఉదయానికి తగ్గేది వాపు, లేదా భోజనం, గ్యాస్ వల్ల పేగులు నిండడం. అంతకుముందు వదులుగా ఉన్న పొట్ట గోడను బిగించి కుట్టాం కాబట్టి లోపల పెరిగినది ఇప్పుడు పై భాగంలో బయటపడుతుంది. ఉదయం పూట కూడా అంతే ఉంటే అప్పుడు మూడు అవకాశాలు చూడాలి: చర్మం కింద మిగిలిన కొవ్వు, కండరాల కుట్టు పైదాకా పడకపోవడం లేదా సడలడం, పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వు. మొదటిదానికి ఆరు నెలల తర్వాత లైపోసక్షన్ బాగా పనిచేస్తుంది. రెండోదానికి స్కాన్ తీసి కండరాల మధ్య ఎడం కొలవాలి. సాధారణంగా 2 సెంటీమీటర్లు మించితే కండరాలు దూరమైనట్టు లెక్క. హెర్నియా, అంటే పొట్ట గోడలోని సందులోంచి లోపలి భాగాలు పొడుచుకురావడం, లేదని కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే హెర్నియా ఉన్నచోట గుడ్డిగా లైపోసక్షన్ గొట్టం పెడితే పేగుకు గాయమయ్యే ప్రమాదం ఉంది. మూడోదానికి శస్త్రచికిత్స లేనే లేదు. ఆ కొవ్వు కండరాల వెనక ఉంటుంది, ఏ గొట్టమూ అక్కడికి చేరదు, చేరకూడదు.

ఒకసారి వేరే చోట టమ్మీ టక్ చేయించుకున్న ఒకావిడ పై పొట్టకు లైపోసక్షన్ కావాలని వచ్చారు. పొట్ట గుండ్రంగా, గట్టిగా ఉంది, వేళ్ల మధ్య పట్టుకుంటే పలచని చర్మం తప్ప ఏమీ రాలేదు. ఆపరేషన్ చేయనని చెప్పాను. ఆవిడ మనసు నొచ్చుకుంది, నాకూ ఆ మాట చెప్పడం కష్టంగానే అనిపించింది. కానీ ఆ పలచని పొరలోంచి ఇంకా కొవ్వు తీస్తే ఉబ్బు తగ్గకపోగా చర్మం అలలు అలలుగా తయారయ్యేది. నెమ్మదిగా బరువు తగ్గాక పొట్ట ఆకారం మారింది, ఏ కోతా లేకుండానే.

గడ్డ. బొడ్డు పక్కన నాలుగో నెలలో తగిలే గట్టి గడ్డ చాలాసార్లు రక్తం సరిగా అందక చనిపోయిన కొవ్వు. అది మొదట రాయిలా ఉండి, నెలల తరబడి మెల్లగా మెత్తబడి చిన్నదవుతుంది. ఒక్కోసారి లోపల నూనెలాంటి ద్రవంతో తిత్తిగా మిగులుతుంది. సన్నగా ఉన్నవారిలో కండరాలకు వేసిన కరగని కుట్టు ముడులు కూడా ఇలాగే తగలవచ్చు, కానీ అవి నడిమధ్య గీత వెంట ఉంటాయి. పాత రక్తపు గడ్డ, చుట్టూ పొర కట్టిన నీరు మిగిలిన అవకాశాలు. ఆ చివరిదాన్ని ప్రత్యేకంగా చెప్తాను. సీరోమా, అంటే చర్మం కింద నీరు చేరడం, ఈ ఆపరేషన్ తర్వాత చాలా తరచుగా వచ్చే ఇబ్బంది. మొదటి వారాల్లో సూదితో తీస్తే చాలామందికి తగ్గిపోతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే దాని చుట్టూ గట్టి సంచి కడుతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు తీసినా మళ్లీ నిండుతుంది. కొవ్వు మిగిలిందనుకుని లైపోసక్షన్ కోరుతూ వచ్చిన ఒకరిలో స్కాన్ తీస్తే తేలింది ఇదే. ఆ సంచిని తెరిచి తొలగించి, పై పొరను అడుగు పొరకు కుట్లతో అతికించాకే పొట్ట చదునయింది. మీ గడ్డ తగ్గకుండా పెరుగుతూ పోయినా, స్కాన్‌లో స్పష్టత రాకపోయినా సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇందులో మొహమాటం వద్దు.

టమ్మీ టక్‌తో పాటు నడుముకు లైపోసక్షన్ కూడా జరిగి ఉంటే అక్కడ చాళ్లు, అలలు రావచ్చు. వాటికి పద్ధతి ఒకటే: ఎత్తైన చోట కాస్త తీయడం, పల్లంలో కాస్త నింపడం. ఎక్కువ తీసినదాన్ని పూడ్చడం తక్కువ తీసినదాన్ని మళ్లీ తీయడం కంటే చాలా కష్టం కాబట్టి సవరణలో చేయి తేలికగా ఉండాలి. బొడ్డు కొంచెం పక్కకు ఉండడం, ద్వారం ఇరుకవడం కూడా ఇదే కోవలోవి, ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

ఈలోగా చేయకూడనివి కొన్ని ఉన్నాయి, వీటి వల్ల జరిగిన నష్టాన్ని చూసి బాధపడి రాస్తున్నాను. కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు పొట్టకు వేయించుకోవద్దు; వాటిలో వాడే డీఆక్సీకోలిక్ ఆమ్లానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో అనుమతి ఇచ్చింది గడ్డం కింది కొవ్వుకు మాత్రమే, మచ్చలు పడిన పొట్టకు కాదు. బొడ్డు కింద మీకు ఇంకా స్పర్శ సరిగా ఉండదు, అందుకని వేడినీళ్ల సంచి, హీటింగ్ ప్యాడ్, కొవ్వును గడ్డకట్టించే యంత్రాలు అక్కడ పెట్టవద్దు. కాలినా తెలియదు. మచ్చ ఉబ్బిందని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే అది మచ్చలోకే పడాలి. పక్క కొవ్వులోకి వెళితే ఆ కొవ్వు కరిగి కొత్త గుంట పడుతుంది. ఆపరేషన్ తర్వాత పొట్టకు కట్టుకునే బెల్టు ఇంకా వాడుతుంటే దాని అంచు రోజూ ఒకేచోట మడతపడి నొక్కుతోందేమో చూసుకోండి. అద్దంలో కనిపించే అడ్డగీత కొన్నిసార్లు శస్త్రచికిత్స వల్ల కాదు, ఆ మడత వల్ల.

సవరణకు సమయం నిర్ణయించేటప్పుడు తేదీ ఒక్కటే చూడకూడదు. కనీసం మూడు నెలలుగా బరువు నిలకడగా ఉండాలి, పొగతాగే అలవాటు ఉంటే కనీసం నాలుగు వారాల ముందే పూర్తిగా మానాలి, మళ్లీ గర్భం ధరించే ఆలోచన ఉంటే కండరాలకు సంబంధించిన సవరణను దాని తర్వాతకే ఉంచుకోవాలి. నెలకోసారి, ఉదయం పూట, ఒకేచోట, ఒకే వెలుతురులో ముందు నుంచీ పక్కల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. వరసగా రెండు మూడు నెలల ఫోటోల్లో మార్పు లేకపోతేనే ఆ ఆకారం స్థిరపడినట్టు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫోటోలు కూడా అడిగి చూడండి. తుంటి ఎముకలు, పక్కటెముకలు రెండువైపులా సమానంగా లేనివారు చాలామంది ఉంటారు. ఆ తేడా ముందూ ఉంటుంది, చదునైన పొట్ట మీద ఇప్పుడు కనిపిస్తుంది. దాన్ని ఏ సవరణా పూర్తిగా తీసేయదు.

ఇవి కనిపిస్తే మాత్రం నెలలు ఆగే ప్రశ్నే లేదు: జ్వరంతో పాటు పొట్ట ఎర్రబడి వేడిగా ఉండడం, మచ్చ నుంచి చీము లేదా వాసనతో కూడిన ద్రవం కారడం, ఒక్కసారిగా ఒకపక్క ఉబ్బడం, దగ్గినప్పుడు గడ్డ బయటికి పొడుచుకురావడం, వాంతులతో కడుపునొప్పి. ఒక కాలు పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక మరో సర్జన్‌ను అడిగితే మొదటివారు నొచ్చుకుంటారేమో అన్న మీ సందేహం. మొదట ఆపరేషన్ చేసినవారికే లోపల ఏం చేశారో బాగా తెలుసు, కాబట్టి తొలి సంభాషణ వారితోనే జరగడం మంచిది; స్కాన్ రిపోర్టు తీసుకుని వెళ్లి, పొరల ప్రకారం ఏది దేనివల్ల అని నేరుగా అడగండి. సమాధానం తృప్తినివ్వకపోతే రెండో అభిప్రాయం మీ హక్కు. వెళ్లేటప్పుడు ఆపరేషన్ నోట్స్ నకలు పట్టుకెళ్లండి. కండరాల కుట్టు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వేశారు, ఏ రకం దారం వాడారు, లైపోసక్షన్ ఏయే చోట్ల చేశారు, ద్రవం బయటికి పోయే గొట్టాలు (డ్రెయిన్లు) ఎన్ని రోజులు ఉంచారు, పొట్ట గోడకు బలంగా పెట్టే వల (మెష్) ఏమైనా పెట్టారా అన్నవి అందులో ఉంటాయి. ఈ వివరాలు లేకుండా మచ్చను మాత్రమే చూసి సవరణ తేదీ ఇచ్చేవారి దగ్గర ఒప్పుకోవద్దు.